ముల్లు చెప్పే మాట

తిరుత్తణి ఎండల సంగతి మనవాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. మే నెల వచ్చిందంటే 40 డిగ్రీలు దాటిన ఊళ్ళలో మన ఊరి పేరు తరచు వినిపిస్తుంది. మనమైతే గొడుగు వేసుకుని, మజ్జిగ తాగి గడిపేస్తాం. అదే ఎండలో చెన్నై నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి మీదుగా, పాత 205, ఇప్పటి 716 నంబరు రోడ్డు మీద గంటల తరబడి సరుకు లాగే లారీ సంగతేమిటి? మన కుటుంబాలలో లారీ కొన్నవాళ్ళు, నడిపేవాళ్ళు ఉన్నారు కనుక ఈసారి ఆ ముచ్చట.

నేను కామర్స్ చదివినవాణ్ణి. ఇంజను గురించి తెలుసుకోవలసి వచ్చింది మా బ్రాంచిలో అప్పు తీసుకున్న ఒకాయన వల్ల. తిరుత్తణి దగ్గర పల్లె, మన తెలుగువాడే. పాత లారీ కొని తనే నడుపుకునేవాడు. రెండేళ్ళపాటు ఒక్క వాయిదా తప్పలేదు. ఒక మే నెలలో వచ్చి, "సార్, ఇంజను పట్టేసింది. రెండు నెలలు ఆగండి" అన్నాడు.

"మీటరు చూసుకోలేదా నాయనా?" అన్నాను.

"చూశాను సార్. మామూలుగా ముల్లు కిందే ఉండేది. ఆ రోజు నగరి దాటాక పైకి లేచింది. కాసేపటికి దానంతటదే దిగింది. చల్లబడిందనుకుని పోయాను."

నాకు అర్థం కాలేదు. చల్లగా ఉన్న ఇంజను ఎలా పట్టేస్తుంది? తెలిసిన ఒక పెద్ద మేస్త్రీని అడిగితే ఓపికగా చెప్పాడు. నా లెక్కల భాషలో అది ఇదీ.

వంద రూపాయల డీజిల్ పోస్తే పనికొచ్చేది సుమారు 40 రూపాయల మేరకే. మిగతాది వేడి. అందులో పెద్ద భాగం పొగతోపాటు పోతుంది. మరో భాగాన్ని నీరు మోసుకెళ్ళి రేడియేటర్లో గాలికి అప్పజెబుతుంది. ఈ జమాఖర్చులు సరిపోయినంతకాలం ఎంతదూరం నడిపినా ముల్లు ఒక్కచోటే నిలుస్తుంది. సాధారణంగా అది 80, 95 డిగ్రీల మధ్య.

ఆ చోటు నిలబెట్టేది థర్మోస్టాట్. ఇంజను చల్లగా ఉంటే నీటిని రేడియేటర్‌కు పోనివ్వదు, అడ్డదారిలో ఇంజన్లోనే తిప్పుతుంది. వేడెక్కాక రేడియేటర్ దారి తెరుస్తుంది. చాలా ఇంజన్లలో అప్పుడు అడ్డదారి మూసేసేది కూడా అదే.

మనవాడు రేడియేటర్లో పోసింది బోరు నీళ్ళు. ఆ నీటిలోని సున్నం లోపలి గొట్టాలకు పేరుకుంది. కుండ అడుగున తెల్లగా పట్టినట్టే. అది వేడిని దాటనివ్వదు. బండి కాస్త వేడెక్కుతోందని ఒక షెడ్డుకు తీసుకెళితే, అక్కడ రేడియేటర్ కడగలేదు. థర్మోస్టాట్ పీకేసి పంపారు. ముల్లు దిగింది, జబ్బు దాగింది. చల్లగా నడిచే ఇంజన్లో డీజిల్ సరిగా మండక ఆయిల్లోకి దిగుతుంది, లైనర్లు అరుగుతాయి. పైగా అడ్డదారి తెరిచే ఉండిపోయి, కొంత నీరు చల్లబడకుండానే తిరుగుతుంది.

ఇక ఎండ చేసే లెక్క చూడండి. నీరు 90 డిగ్రీలు, గాలి 25 అయితే మధ్య తేడా 65. గాలి 42 అయితే తేడా 48. అదే రేడియేటర్, కానీ సత్తువలో పావు వంతుకు పైగా పోయింది. లోడు మాత్రం ఒక్క బస్తా తగ్గలేదు. ఆ రోజు నీరు మరిగి పోయింది. మీటరుకు కబురు చెప్పే సెన్సార్ నీటిలో మునిగి ఉండాలి. నీరే లేకపోతే అది తప్పు చెబుతుంది. ముల్లు దిగింది చల్లబడి కాదు, చూపించడానికి నీరు లేక!

అందుకే నాలుగు మాటలు. ముల్లు ఎప్పుడూ నిలిచే చోటు గుర్తుపెట్టుకోండి. పైకి లేచినా, కారణం లేకుండా దిగినా బండి ఆపండి. వేడి మీద మూత తీయవద్దు. ఒత్తిడి ఉన్నంతసేపు 100 దాటినా మరగని నీరు, మూత తీయగానే మొహాన ఎగజిమ్ముతుంది. కాలిన ఇంజన్లో చన్నీళ్ళు పోస్తే హెడ్డు పగులుతుంది. బోరు నీళ్ళకు బదులు కంపెనీ చెప్పిన కూలెంట్ పోయండి. టర్బో ఉన్న బండి బాగా లాగి వచ్చాక రెండు మూడు నిమిషాలు ఊరికే ఆడనిచ్చి ఆపండి. ఇంజను ఆగితే టర్బోకు ఆయిల్ కూడా ఆగుతుంది.

మేము వాయిదాలు పొడిగించాం. ఇంట్లో బంగారం కుదువపెట్టి ఇంజను చేయించుకుని, ఆయన మళ్ళీ రోడ్డెక్కాడు. అప్పు ఇచ్చినప్పుడు నేను ఆర్.సి. చూశాను, ఇన్సూరెన్సు చూశాను, హామీదారు సంతకం చూశాను. బండి నడిస్తేనే అప్పు తీరుతుందన్న సంగతి మాత్రం కాగితాల్లో లేదు. ఇప్పుడు పాత లారీ అప్పు కోసం ఎవరొచ్చినా, "థర్మోస్టాట్ ఉందా?" అని మొదట అడుగుతున్నాను. మా కుర్ర ఆఫీసర్లు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. వాయిదా గడువు తెలిసిన మనిషికి ముల్లు నిలిచే చోటు కూడా తెలిసి ఉండాలి.