గాలిని ఫొటో తీశా.. అమ్మే కరెక్ట్!

మే నెల మిట్టమధ్యాహ్నం లక్సెట్టిపేట నుంచి మంచిర్యాలకు బండి మీద వెళ్లారా? దూరంగా తారు రోడ్డు నీళ్లలా వణుకుతూ కనిపిస్తుంది. వణికేది రోడ్డు కాదు, దాని మీది గాలి. వేడెక్కితే గాలి పలచబడుతుంది, అందులోంచి వచ్చే వెలుతురు కాస్త వంగుతుంది. ఆ వంపును పట్టుకుంటే, కంటికి కనిపించని గాలిని కూడా ఫొటో తీయొచ్చు.

నాకు ఈ సంగతి మా వంటింట్లో పనికొచ్చింది. పోయినేడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించా. గోడ పగలగొట్టే పని లేకుండా కిటికీలోనే, అంటే పొయ్యికి నాలుగడుగుల అవతల బిగించాం. "ఉడుకు పోతలేదురా, కొంగు తడిసిపోతంది" అని అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా అనేది. "మంచి ఫ్యానే అమ్మా, నీకట్లా అనిపిస్తది" అని కొట్టిపారేసేవాణ్ని.

ఈసారి ఇంటికొచ్చినప్పుడు తేల్చేద్దామనుకున్నా. నల్ల చుక్కలు చిందరవందరగా ఉన్న కాగితాలు ప్రింట్ తీసి, పొయ్యికి అవతలి గోడకు అతికించా. ఫోన్ ట్రైపాడ్ మీద పెట్టి, ఫోకస్ చుక్కల మీద లాక్ చేశా. పొయ్యి వెలిగించకముందు ఒక ఫొటో, వెలిగించాక ఒకటి. వేడి గాలి అడ్డొచ్చిన చోట చుక్కలు వెంట్రుకవాసి జరిగినట్టు కనిపిస్తాయి. జరిగిన చోటల్లా ఎర్ర రంగు వేసేలా పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్ రాశా. మొదటిసారి స్క్రీనంతా ఎరుపే! చేయి తగిలి ఫోన్ కదిలింది. తర్వాత టైమర్ పెట్టి తీశా.

1860ల్లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ టెప్లర్ ఈ వంపును కంటితో చూడటానికి లెన్సులు వాడాడు. చుక్కల పద్ధతికి కెమెరా, కంప్యూటర్ చాలు. ఎడారి నేలనే చుక్కల కాగితంలా వాడుకుని, సూపర్‌సోనిక్ విమానాల షాక్‌వేవ్‌లను నాసా ఫొటోలు తీసింది. రెండు టీ-38 విమానాల షాక్‌వేవ్‌లు కలుసుకున్న ఫొటోలు 2019లో బయటికొచ్చాయి.

మా ఫొటోలో ఏముంది? ఎర్రటి పొగమంచులా వేడి నిటారుగా పైకి లేచింది. ఫ్యాన్ వైపు తొంగి కూడా చూడలేదు! దీపాన్ని అడుగు దూరం నుంచి ఊది ఆర్పగలం. అంత దూరం నుంచి గాలి పీల్చి ఆర్పగలమా? ఫ్యాన్ కూడా అంతే. దగ్గరున్న గాలినే లాగుతుంది.

అమ్మకు చూపించా.

"గీ ఎర్రగున్నదంతా ఉడుకేనా?"

"అవునమ్మా."

"ఏడాది సంది నా మొఖానికి కొడ్తంటే చెప్తున్న గదరా. గప్పుడు ఫొటో అడిగినవ్ లేదు?"

జవాబు దొరకలేదు. మర్నాడే గ్యాస్ పైపు మార్పించి, పొయ్యిని ఫ్యాన్ కిందికి జరిపించా. మళ్లీ ఫొటో తీస్తే ఎరుపు కిటికీ వైపు ఒరిగింది. అమ్మ ఆ ఫొటో చూడలేదు. "నాకెర్కే" అంటూ కొంగు చూపించింది. పొడిగా ఉంది.