విదేశయాత్రయు వీధి చదువును

దిల్‌సుఖ్‌నగరున చదువుల ప్రకటన లేని గోడను చూపుట కష్టము. ఉద్యోగపరీక్షల శిక్షణాలయములు, కంప్యూటరు పాఠశాలలు, వానిని నమ్ముకొన్న హాస్టళ్లు ఒకదానిపై నొకటి యెక్కి కూర్చున్నవి. ఇట్టిచోట విదేశ మనుమాటకు గల వెల చెప్పనక్కఱలేదు. ఇంజనీరింగు విద్యార్థులను కళాశాలలవారు పదిదినములు సింగపూరునకో, యూరపునకో కొనిపోయి, అచ్చటి రైళ్లను, పట్టణ నిర్మాణమును చూపించి తెచ్చుట ఇప్పటి వాడుక. తండ్రులు అప్పుచేసి పంపుచున్నారు. పిల్లలు ఫోటోలతోను, ఒక ప్రశంసాపత్రముతోను తిరిగివచ్చుచున్నారు.

సముద్రయానము పాపమను వాదమును మన పెద్దలు ఏనాడో ఓడించిరి. దానిని మరల త్రవ్వుట మా యుద్దేశము కాదు. పిల్లలు పోవలసినదే. కాని వారచట నేమి చూచుచున్నారు? పోకముందు ఇచట నేమి చూచిరి? ఈ రెండు ప్రశ్నలకు కళాశాలలవా రిచ్చు సమాధానము మాకు తృప్తికరముగా లేదు.

దిల్‌సుఖ్‌నగరునుండి ఎల్.బి. నగరునకు సుమారు నాలుగు కిలోమీటర్లు. 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి ఈ దారిపై మెట్రోరైలు నడచుచున్నది. మియాపూరునుండి వచ్చు ఆ 29 కిలోమీటర్ల మార్గమున కిదియే చివర. రైలు చల్లనిది, శుభ్రమైనది, వేళకు వచ్చును. మేమును దానిలో తిరుగుచున్నవారమే. చిక్కంతయు మెట్లు దిగిన తరువాత. కాలిబాట యున్నచోట దానిపై మోటారుసైకిళ్లు నిలిచియుండును; లేనిచోట మనుష్యుడు బస్సునకును ఆటోకును నడుమ నడువవలెను. కొత్తపేటలో చేతిసంచితో రోడ్డు దాటనెంచిన వృద్ధురాలు విజయవాడ లారీలకును, ఊరి బస్సులకును మ్రొక్కుచు నిలువబడవలసినదే.

ఇంకొక వింత. 2023 డిసెంబరు 9వ తేదీనుండి స్త్రీలకు ఆర్.టి.సి. బస్సులలో ప్రయాణ ముచితము. మంచిపని. కాని యా ఉచితపు టిక్కెట్టు పైనున్న రైలున చెల్లదు. కావున ఇండ్లలో పనిచేసి జీవించు స్త్రీ తన నెత్తిపై రైలు పోవుచుండగా క్రింద బస్సు మెట్టుపై వ్రేలాడును. పైదియు క్రిందిదియు ఒకే త్రోవ; లెక్కలు మాత్రము వేఱు. నాగోలు రైలు చివర, ఎల్.బి. నగరు రైలు చివర, ఈ రెంటికి నడుమ ఐదు కిలోమీటర్ల దూరము. రైలుననే పోవుదుననువాడు అమీరుపేట దాక పోయి మఱలిరావలెను. లేదా మహాత్మాగాంధి బస్సు స్టేషను నొద్ద నొకసారి, పరేడు గ్రౌండు నొద్ద నొకసారి బండి మాఱవలెను. రెండవదశ ప్రతిపాదనలలో ఈ యెడమును పూడ్చు మార్గమున్నది. ఆ మార్గము వచ్చుదాక ఈ దూరమునకు రోడ్డే గతి.

యూరపునుండి తిరిగివచ్చిన విద్యార్థి నడుగుడు: తలుపులు వానియంతట తెఱచుకొన్నవనును, రైలు చప్పుడు చేయలేదనును. అయ్యా, ఆ తలుపులు మన చైతన్యపురిలోను తెఱచుకొనుచున్నవి! వాడు చూచివచ్చిన జూరిచ్ పట్టణపు పౌరులు 1962 లోను, 1973 లోను ఓటు వేసి భూగర్భపు రైలు ప్రణాళికలను త్రోసిపుచ్చిరి. దరిద్రులై కాదు. ఉన్న ట్రాములకును బస్సులకును కూడళ్లయందు ముందు దారి యిచ్చిన చాలునని పట్టుపట్టిరి. 1990 లో ఆ ప్రాంతపు రైళ్లు, ట్రాములు, బస్సులు, పడవలు అన్నిటికిని ఒకే టిక్కెట్టు పెట్టిరి. సింగపూరువారు 1987 లో మెట్రో నడపుటకు పండ్రెండేండ్లు ముందే, 1975 లోనే, నగరమధ్యమునకు వచ్చు కారులపై రుసుము విధించిరి. మొదట కారునకు కళ్లెము, పిమ్మట రైలు. ఈ నిర్ణయములు ఫోటోలో పడవు. వీనిని నేర్పని యాత్ర తీర్థమునకు పోయి కోనేటి మెట్లు లెక్కించి వచ్చినట్లుండును.

"ఇవి తెల్లవారి సోకులు, మన జనమునకు పొసగవు" అనువా రుందురు. కౌటిల్యుని అర్థశాస్త్రము వారు విప్పిచూచిన బాగుండును. మనుష్యులును చిన్నపశువులును నడచు దారి నడ్డగించినవానికి 12 పణముల దండము అందున్నది. కాలిబాటపై బండి నిలుపువానికి ఏ దేశపు సంప్రదాయమును తోడురాదు. 2006 లో వెలువడిన జాతీయ నగర రవాణా విధానమును వాహనముల కంటె మనుష్యులకే వీధిలో చోటు కల్పింపవలెననియు, రవాణాసంస్థలన్నిటిని కలుపు అధికారసంఘ ముండవలెననియు చెప్పినది. కాగితమున లోటు లేదు.

ఈ నగరమునకు పరదేశజ్ఞాన మెట్లుపకరించెనో మన చరిత్రలోనే కలదు. 1908 సెప్టెంబరున మూసీ పొంగి వేలమందిని పొట్టబెట్టుకొన్నది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1898 లోనే జపాను చూచినవారు, యూరపు తిరిగినవారు. నిజాము ప్రభుత్వము పిలువగా 1909 లో వచ్చి వారు పారిసు పటమును తెచ్చి మూసీపై పఱచలేదు. వానలను లెక్కించిరి, ఎగువ చెఱువులను, తెగిన కట్టలను లెక్కించిరి. పిమ్మటనే జలాశయముల మాట యెత్తిరి. 1920 లో ఉస్మాన్‌సాగరు, 1927 లో హిమాయత్‌సాగరు లేచినవి. లోకము చూచిన కన్నును, ఊరి లెక్కయు కూడినందుననే ఆ పని సాగినది.

కావున కళాశాలలవారిని మేము కోరునది స్వల్పము. విమానమెక్కుటకు ముందు ప్రతి విద్యార్థియు ఈ నాలుగు కిలోమీటర్లు నడువవలెను, ఒకసారి ఉదయము, ఒకసారి రాత్రి. కాలిబాట ఎచట తెగినదో, రోడ్డు దాటుట కెన్ని నిమిషములు పట్టెనో, మెట్లెక్కలేనివారికి లిఫ్టు ఎంత దూరమో, బస్సు ఆగు తావునుండి రైలు ద్వారమున కెన్ని అడుగులో వ్రాసి పటము గీయవలెను. ఆ పటము చేతబట్టుకొని జూరిచ్ పోయిన నచట నడుగవలసిన ప్రశ్న లుండును. తిరిగివచ్చిన పిదప నాలుగు మాటలు తెలుగున మా పేటవారి యెదుట చెప్పవలెను, ప్రశంసాపత్ర మా తరువాత. తల్లిదండ్రులును యాత్రకు సొమ్ము కట్టుటకు మునుపు, బస యెచటనని గాక, పిల్లవాడు గీసిన ఎల్.బి. నగరు పటమేదని అడుగుదురు గాక.