పెద్ద టర్బో వెతుకుతున్న యువకులకూ, డబ్బిచ్చే తల్లిదండ్రులకూ

ఆరోగ్య విషయాలు వ్రాసే వైద్యునికి కార్ల ఇంజిన్లతో ఏమి పని అని మీకు అనిపించవచ్చు. ఆ ఇంజిను పొగ పీల్చేది ఊపిరితిత్తులు, దాని వేగానికి విరిగేది ఎముకలు. కనుక అది నా పనే.

ప్రీమియర్ పద్మిని కారును మీలో పెద్దవారు ఎరుగుదురు. దాని ఇంజిను ఒక లీటరుకు కాస్త ఎక్కువ, శక్తి సుమారు 40 హార్స్‌పవర్. ఇప్పటి ఐ20 ఎన్ లైన్ కారులో ఒక లీటరు ఇంజినే 120 హార్స్‌పవర్ ఇస్తుంది. ఈ మూడింతలకు ముఖ్యకారణం టర్బో. ఇంజిను వదిలే వేడి పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసు మీది రెండవ చక్రం బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి పంపుతుంది. ఎక్కువ గాలి, దానికి తగిన పెట్రోలు, ఎక్కువ శక్తి. ఆ ఇరుసు నిమిషానికి రెండు లక్షల చుట్లు దాటి తిరగగలదు, దాని మీదుగా పోయే పొగ 900 డిగ్రీల వేడిని చేరగలదు. ఇంత సున్నితమైన ఏర్పాటును కంపెనీ ఇంజినీర్లు సంవత్సరాల తరబడి పరీక్షించి, ఎంతవరకు ఒత్తవచ్చునో ఒక హద్దు పెట్టారు. ఆ హద్దు మనవాళ్లకు చాలడం లేదు.

మొదట కంప్యూటరులోని లెక్కలు మార్పిస్తారు, దానికి స్టేజ్ 1 అని పేరు. తరువాత పొగగొట్టం ముందుభాగమైన డౌన్‌పైప్ మార్చడం స్టేజ్ 2. ఆపైన ఏకంగా పెద్ద టర్బో. ఏ ఊరిలో దొరుకుతుంది, ఎవరు బిగిస్తారు అన్న వెతుకులాటలో నెలలు గడుస్తాయి. వ్యాధుల స్టేజీలు వినీ వినీ ఉన్న నా చెవులకు ఈ పేర్లు వింతగా తోచకపోవడం వేరే సంగతి.

ఈ మార్పిడిని సమర్థించేవారు చెప్పే మొదటి మాట, ఓవర్‌టేక్ చేసేటప్పుడు శక్తి ఉంటే భద్రత అని. వినడానికి బాగుంది, కానీ నిజం కాదు. పెద్ద చక్రం బరువైనది. అది వేగం అందుకోవడానికి ఎక్కువ పొగ కావాలి, ఎక్కువ సమయం పడుతుంది. దీనినే టర్బో లాగ్ అంటారు. లారీని దాటబోతూ మీరు యాక్సిలరేటర్ తొక్కుతారు, బండి ఒక క్షణం ఆలోచిస్తుంది, ఆపైన ఒక్కసారిగా దూకుతుంది. తడి రోడ్డు మీద ముందు చక్రాలు ఆ తోపును భరించలేక జారతాయి. కంపెనీ పెట్టిన చిన్న టర్బో వెంటనే స్పందించేందుకే చిన్నదిగా ఉంది. ఎదుటి వాహనం ఇంకా దూరంలోనే ఉందనుకొని లెక్క వేసుకొన్న మనిషికి ఆ ఒక్క క్షణం ఎంత ఖరీదైనదో చెప్పనక్కర లేదు. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో ఒక సెకనుకు బండి 33 మీటర్లు పోతుంది.

హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు మీద అనుమతించిన అత్యధిక వేగం కూడా ఆ 120 కిలోమీటర్లే. ఈ కార్లన్నీ కంపెనీ నుంచి వచ్చినవి వచ్చినట్టే ఆ వేగాన్ని సునాయాసంగా దాటుతాయి. మరి అదనపు శక్తిని ఎక్కడ వాడదలచారు?

వ్యాయామశాలల్లో స్టెరాయిడ్ సూదులు పొడిపించుకొనే యువకులను చూసినప్పుడు ఈ కార్లే గుర్తుకు వస్తాయి. కండ వారాలలో పెరుగుతుంది, దానిని ఎముకకు బిగించే స్నాయువు అంత త్వరగా బలపడదు. ఒకనాడు బరువెత్తబోతే కండ నిలుస్తుంది, స్నాయువు తెగుతుంది. శక్తి పెంచిన కారులో బ్రేకులు, టైర్లు, క్లచ్, గేరుబాక్సు ఆ స్నాయువులే. వాటి మీద ఖర్చు పెట్టేవారు ఎందరు? బ్రేకులకు చప్పుడు లేదు, స్నేహితులు మెచ్చుకోరు.

వేగం రెండింతలైతే ఢీకొన్నప్పటి శక్తి నాలుగింతలు అవుతుంది. ప్రమాదంలో ఢీకొనడం ఒకటి కాదు, మూడు. కారు దేనినో ఢీకొంటుంది. శరీరం కారు లోపలి భాగాన్నో బెల్టునో ఢీకొంటుంది. ఆపైన గుండె, మెదడు, కాలేయం శరీరపు లోపలి గోడలను ఢీకొంటాయి. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని ఛాతీలో ఒకచోట వెన్నుకు అంటి ఉండి కదలదు. ముందుకు ఊగిన గుండె దానిని అక్కడే చించివేస్తుంది. అటువంటివారిలో అత్యధికులు ఆసుపత్రి గుమ్మం చేరరు. క్యాజువాల్టీలో పని చేసిన ఏ ప్రభుత్వ వైద్యుని అడిగినా చెబుతాడు, పైకి గీరుకుపోయిన గుర్తు కూడా లేని శవాలు ఉంటాయని. 2022లో మన దేశపు రోడ్ల మీద మరణించినవారు 1,68,491 మంది. అందులో 70 శాతానికి పైగా మరణాలకు కారణంగా ప్రభుత్వ నివేదిక చూపినది అతివేగాన్నే. మీ కారుకు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. రోడ్డు దాటుతున్న కూలికి లేవు.

ఇక పొగ సంగతి. నాకు అన్నిటికంటె కోపం కలిగించేది ఇదే.

డౌన్‌పైప్ మార్చినప్పుడు చాలామంది క్యాటలిటిక్ కన్వర్టరును తీయించివేస్తారు. ప్లాటినం, పెల్లేడియం, రోడియం పూసిన తేనెపట్టు వంటి దిమ్మ అది. వేడెక్కిన తరువాత ఇంజిను పొగలోని కార్బన్ మోనాక్సైడు, కాలని పెట్రోలు ఆవిర్లు, నైట్రోజన్ ఆక్సైడులు, వీటిలో 90 శాతానికి పైగా దాని వద్దనే నశిస్తాయి. అది పొగకు అడ్డుగా ఉన్నదని, తీస్తే నాలుగు హార్స్‌పవర్ ఎక్కువ వస్తుందని పారవేస్తున్నారు. పైగా ఒత్తిడి పెంచిన ఇంజినును చల్లగా ఉంచడానికి పెట్రోలు మోతాదుకు మించి పోస్తారు. అలా పోసినకొద్దీ కార్బన్ మోనాక్సైడు పెరుగుతుంది. రక్తంలోని హిమోగ్లోబినును అది ఆక్సిజన్ కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పెట్రోలు ఆవిర్లలోని బెంజీన్ రక్త కేన్సరుకు దారి తీయగలదని రుజువైన విషయం.

మన నగరాల అపార్టుమెంట్లలో ఈ కార్లు నిలిచేది ఎక్కడ? సెల్లారులో. ఆ సెల్లారు మూలన రేకుల గదిలోనో మెట్ల కిందనో ఎవరు కాపురముంటారో మీకు తెలుసు. వాచ్‌మన్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. ఉదయం ఏడింటికి మీ అబ్బాయి బండి స్టార్టు చేసి, ఆ గొట్టపు ఉరుము ఆనందిస్తూ ఐదు నిమిషాలు నిలబెడతాడు. మామూలు కారు కూడా చల్లగా ఉన్న మొదటి క్షణాలలో మురికి పొగే వదులుతుంది, అయితే కన్వర్టరు త్వరలోనే వేడెక్కి పనిలోకి దిగుతుంది. తీసివేసిన కారులో అది ఎప్పటికీ దిగదు. ఆ పిల్లలు తలనొప్పి అంటే తల్లి జండూబామ్ రాసి బడికి పంపుతుంది. ఎవరూ రక్తపరీక్ష చేయించరు. మీ ఇంటి వారు ఐదవ అంతస్తులో ఉంటారు.

నా కారు నా ఇష్టం అనేవారికి చట్టం కూడా వేరే జవాబు చెబుతున్నది. తయారీదారు నిర్దేశించిన లక్షణాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. 2019 జనవరిలో సుప్రీం కోర్టు దానినే ధ్రువపరిచింది. అదే ఏడాది చేసిన సవరణ ప్రకారం అటువంటి ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేక ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలను మీరితే 10,000 వరకు జరిమానా వేరే. తెలియజేయని మార్పు ఉన్నదని కారు నష్టపు క్లెయిమును బీమా కంపెనీ తోసిపుచ్చవచ్చు. కాలుష్య సర్టిఫికెట్ ఎలాగో సంపాదిస్తున్నారు కదా అంటే, ఆ కాగితం పొగను శుభ్రపరచదు.

వేగం ఒక విద్య అని నేనూ అంగీకరిస్తాను. దానికి చెన్నై సమీపంలో ఇరుంగాట్టుకోట్టైలో రేసు ట్రాకు ఉన్నది. హెల్మెట్టు, అగ్నిమాపక సిబ్బంది, అంబులెన్సు ఉండే చోట తన ప్రాణానికి తానే పూచీపడి నేర్చుకునేవాడిని నేను తప్పు పట్టను.

మార్పిడి ఇప్పటికే జరిగిపోయి ఉంటే, తల్లిదండ్రులారా, షెడ్డుకు మీరే వెళ్లండి. తీసిన కన్వర్టరు ఏమైందని అడగండి. అందులోని లోహాలు విలువైనవి గనుక దానిని పాతసామాను కింద కొనేవారు ఉంటారు. అది మీ సొత్తు. తెప్పించి తిరిగి బిగింపించండి. అమ్ముకుపోయి ఉంటే కంపెనీ షోరూములో కొత్తది వేయించండి, ఆ ఖర్చులో సగమైనా అబ్బాయి జీతంలో నుంచి పెట్టించండి.