రాజధాని లేఖ: పరామర్శకు వెళ్ళే దారి

న్యూఢిల్లీ: మాదకద్రవ్యాల సమస్యను తూకం వేసి చెప్పడం ఇక్కడి మంత్రిత్వశాఖలకు ఆనవాయితీ. 2019 సెప్టెంబరులో కార్ నికోబార్ సమీపాన తీరరక్షక దళంవారు 1,160 కిలోల కెటమైన్ పట్టుకున్నారు. 2024 నవంబరులో బారెన్ దీవి దగ్గర ఒక మయన్మార్ పడవలో సుమారు 6,000 కిలోల మెథాంఫెటమైన్ దొరికింది. అండమాన్ పేరు రాజధాని పత్రికల మొదటి పేజీకి ఎక్కాలంటే ఇటువంటి సందర్భం రావాలి. ఆ దళంవారి సాహసాన్ని తక్కువ చేయవలసిన పనిలేదు. కాని పట్టుబడిన సరుకుకు ఉన్న లెక్క, వ్యసనం పాలబడిన మనిషికి లేదు. అతనిని కనిపెట్టుకుని కూర్చున్న ఇంటివారికి అసలే లేదు. ఈ వారం వారిని గురించి వ్రాయదలచాను. దాపరికం లేకుండా చెప్పాలంటే, ఆ ఇంటివారిలో నేనూ ఒకడిని.

మా బావమరిది పోర్ట్ బ్లెయిర్ వాసి. 2024 సెప్టెంబరులో ఆ ఊరికి శ్రీ విజయపురమని పేరు మార్చారు గాని, మా ఇంట్లో పాత పేరే నోటికి వస్తుంది. మా మామగారు బతుకుతెరువు కోసం శ్రీకాకుళం తీరం నుంచి వెళ్ళి అక్కడే స్థిరపడ్డారు. అటువంటి కుటుంబాలు ఆ దీవులలో వేలు. 2011 లెక్కల ప్రకారం దీవుల జనాభా 3,80,581. అందులో నూటికి పదమూడుగురు తెలుగువారు. మా బావమరిదిని పట్టుకున్నది మయన్మార్ పడవలో వచ్చిన సరుకు కాదు. ప్రభుత్వ అనుమతితో, పన్ను చెల్లించి, పట్టపగలు కొనుక్కోగల మద్యం.

అతని భార్య ఏడేండ్లపాటు ఈ సంగతిని బంధువులకు తెలియనీయలేదు. పనికి పోలేని రోజున జ్వరమని కబురు పంపేది. నగలు కుదువబెట్టి అప్పులు తీర్చేది. తెలిసిన తరువాత నేను చేసిన ఘనకార్యం, అడిగినప్పుడల్లా డబ్బు పంపడం. దానినే సహాయమనుకున్నాను. ఆ డబ్బు అప్పులవాళ్ళకు పోయిందా, దుకాణానికి పోయిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడగకపోవడం నాకు సుఖంగా ఉండెను గనుక అడగలేదు.

చివరకు చికిత్సాలయంలో ఉంచాలని నిశ్చయించుకున్నాము. మనసులోని మాట తెలుగులో చెప్పుకోగల చోటు కావాలన్నాడు అతడు. అందుచేత ఆంధ్రప్రదేశ్‌కు తీసుకురావాలనుకున్నాము. అప్పుడు అక్కడి వైద్యుడొకరు చేసిన హెచ్చరికను పాఠకులు గమనించాలి. ఏండ్లతరబడి ప్రతిదినం తాగిన మనిషి హఠాత్తుగా మానివేస్తే మొదటి రెండు రోజులలో మూర్ఛలు రావచ్చును. రెండవ రోజు నుంచి నాలుగవ రోజు లోపల తీవ్రమైన మతిభ్రమ కలిగి ప్రాణం మీదికి రావచ్చును. పోర్ట్ బ్లెయిర్ నుంచి విశాఖకు సుమారు 1,200 కిలోమీటర్లు. నౌకలో ప్రయాణం రెండు రోజులకు పైమాటే. అంటే ప్రమాదకరమైన గడియలలో చాలాభాగం నడిసముద్రంలో గడుస్తుంది. ముందు దీవిలోనే ఆసుపత్రిలో ఉంచి, శరీరం కుదుటపడిన తరువాతనే ఓడ ఎక్కించమన్నారాయన. ఆ మాట వినకపోతే ఏమయ్యేదో తలచుకోవడానికి భయమవుతున్నది.

మేము మొదట చేర్చిన కేంద్రం పేరు చెప్పను. మూడు నెలల రుసుము ముందుగా కట్టించుకున్నారు. ఆ మూడు నెలలూ ఇంటివారు రాకూడదనీ, మాట్లాడకూడదనీ షరతు పెట్టారు. "మీరు పాడుచేసిన మనిషిని మేము బాగుచేస్తాము" అన్నారు. తలవంచుకుని సంతకం చేశాము. ఇరవై రోజులకు అతడు ఎవరి ఫోనో సంపాదించి, "బావగారూ, నన్ను ఇక్కడినుంచి తీసుకుపోండి" అన్నాడు. ఈ మాట వినని కుటుంబం ఉండదు. తాగుడు మీది యావ మాట్లాడుతున్నదా, నిజంగా కష్టమే మాట్లాడుతున్నదా? మొదటిదైతే తీసుకురావడం ద్రోహం. రెండవదైతే తీసుకురాకపోవడం ద్రోహం. అవతల అతని భార్య, "అన్నయ్యగారూ, మీరు వెళ్ళి కళ్ళతో చూసి చెప్పండి. తెమ్మంటే తెద్దాము, ఉంచమంటే ఉంచుదాము" అన్నది. ఢిల్లీలో జీతం తెచ్చుకునేవాడిని కనుక మరునాడు రైలెక్కగలిగాను. ఆమె పరిస్థితి వేరు. నౌక ఎప్పుడో తెలియదు, విమానం అందుబాటులో లేదు, పిల్లలను చూసే దిక్కులేదు.

వెళ్ళి చూస్తే, రాత్రిళ్ళు గదులకు బయట తాళం. మాట వినని వారిని కట్టివేస్తారని నలుగురు చెప్పారు. ఆ సాయంత్రమే అతనిని వెంటబెట్టుకుని వచ్చాను.

ఇటువంటి చోట చట్టం ఏమంటున్నదో ఇంటివారికి తెలిసివుండటం అవసరం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను కూడా తన పరిధిలోనికి తీసుకున్నది. దాని ప్రకారం రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదు. తగిన వేళలలో సందర్శకులను చూడటానికీ, ఫోనులో మాట్లాడటానికీ అతనికి హక్కు ఉన్నది. తన తరఫున మాట్లాడే ప్రతినిధిని అతడే నియమించుకోవచ్చును. ఇష్టపడి చేరినవాడు వెళ్ళిపోతానంటే ఆపడానికి అధికారం బహు పరిమితం. సంతకం పెట్టించుకునే కాగితం ఈ హక్కులను రద్దుచేయజాలదు. ఇంటివారిని నెలలతరబడి దూరంగా ఉంచాలనే కేంద్రం ఏమి దాస్తున్నదని అడగడం మన విధి.

రెండవ కేంద్రంలో మొదటి ప్రశ్న నన్నే అడిగారు: "మీరు ఎంత డబ్బు పంపేవారు?" అక్కడ ఇంటివారికి వేరే తరగతులున్నాయి. ఇది కొత్త సంగతి కాదు. తాగుడుకు భర్తను కోల్పోయిన శాంతి రంగనాథన్ గారు 1980లో మద్రాసులో నెలకొల్పిన సంస్థ రోగితోపాటు కుటుంబానికి కూడా శిక్షణ ఇస్తూవచ్చింది. అమెరికాలో 1951లోనే తాగుబోతుల ఇంటివారు తమకై ఆల్-అనాన్ అనే సంఘం పెట్టుకున్నారు. అన్నిచోట్లా నేర్పేది ఒక్కటే: అతని అప్పు మనము తీర్చరాదు, అతని అబద్ధం మనము ఆడరాదు, అతనిని మాత్రం వదలిపెట్టరాదు. చెప్పడానికి మూడు ముక్కలే. ఆచరణలో మా చెల్లెలికీ నాకూ ఇప్పటికీ చేతకావడం లేదు.

తెలుగువారికి మద్యం రాజకీయ సమస్యగా బాగా తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం 1993లో సారా నిషేధాన్నీ, 1995లో సంపూర్ణ నిషేధాన్నీ తెచ్చింది. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. దుకాణం ఉండాలా, వేలం ఎవరికి, ఆదాయమెంత అనే వాదాలు నేటికీ సాగుతున్నాయి. అప్పటికే వ్యసనంలో మునిగినవానిని ఏమి చేయాలన్న ప్రశ్న మాత్రం ఏ పక్షం ప్రణాళికలోనూ సరైన చోటు సంపాదించుకోలేదు. ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ 2019లో కేంద్రానికి ఇచ్చిన నివేదిక ప్రకారం, మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒకరికి మాత్రమే ఏదో ఒక చికిత్స అందుతున్నది. చేర్చుకుని చేసే చికిత్స 180 మందిలో ఒకరికి. ఆదాయం లెక్క ఆరణాలతో సహా చెప్పగల ప్రభుత్వాలు ఈ లెక్కకు సమాధానం చెప్పవలసివున్నది.

అండమాన్ వారికి శాసనసభ లేదు. లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. దీవుల పాలన హోంశాఖది. వ్యసన విముక్తి కేంద్రాలకు నిధులిచ్చేది సామాజిక న్యాయశాఖ. నౌకల సంగతి మరొకరిది. 2020 ఆగస్టు 15న నశాముక్త భారత ఉద్యమం ప్రారంభించినవారు ఈ ముగ్గురినీ ఒక బల్లచుట్టూ కూర్చోబెట్టగలరు. కోరవలసినవి గొంతెమ్మ కోర్కెలు కావు. దీవులలో తెలుగు, బెంగాలీ, తమిళాలలో మాట్లాడగల సలహాదారులుండాలి. మందు మాన్పించే తొలి వారం చికిత్స చిన్న దీవులవారికి కూడా అందాలి. ప్రధాన భూభాగంలో చికిత్స పొందేవాని ఇంటివారి పరామర్శ ప్రయాణాన్ని చికిత్సలో భాగంగా లెక్కగట్టి, ఖర్చు భరించాలి. తిరిగి వచ్చినవానికి పనీ, కనిపెట్టి ఉండే మనిషీ దొరకాలి. కేంద్రం గడప దాటిన తరువాతనే అసలు పరీక్ష మొదలవుతుంది.

మా బావమరిది చికిత్సాలయంలో చేరి ఐదు నెలలయింది. బాగుపడ్డాడని వ్రాయడానికి నాకు ధైర్యం చాలదు. మధ్యలో ఒకసారి జారిపోయాడు. తానే వచ్చి చెప్పాడు. అదివరకైతే మేము కనిపెట్టేవరకూ దాచేవాడు. వచ్చే నెల నౌకలో అతని భార్య మొదటిసారి చూడటానికి వస్తున్నది. టిక్కెట్టు డబ్బు నేను పంపుతానన్నాను. వద్దన్నది. నాలుగు నెలలుగా తానే కూడబెట్టుకున్నదట.