పొయ్యి మారింది, పొగ పోలేదు

టీవీ ప్రకటనల్లో మైక్రోవేవ్ ఓవెన్ కేకులు చేస్తుంది, కోడిని కాలుస్తుంది. వలస వెళ్లిన అన్నలు కూడబెట్టి తెచ్చిన ఓవెన్లలో మాత్రం మనం చూసేది రెండే పనులు: చల్లారిన కూర వేడి చేయడం, పాలు కాచడం. ఇందులో నవ్వుకోవాల్సిందేమీ లేదు.

1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సర్ రాడార్ యంత్రం దగ్గర తన జేబులోని మిఠాయి కరగడం గమనించాడు. ఓవెన్ అలా పుట్టింది. ఆ తరంగాలు ఆహారంలోని నీటి అణువులను కదిలించి వేడి పుట్టిస్తాయి. అన్నం చప్పున వేడెక్కుతుంది గానీ పోపు వేగదు. పైగా మన గిన్నెలన్నీ స్టీలు, అల్యూమినియం. అవి అందులో పెట్టకూడదు. కిరణాలు కూడులో మిగిలిపోతాయన్న భయం మాత్రం వట్టిది. స్విచ్ ఆపగానే తరంగాలూ ఆగిపోతాయి.

డొంకూరు వంటి తీరం ఊళ్లలో గ్యాస్ పొయ్యిదీ ఇదే కథ. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాయి. 2024 నవంబరు 1న మన ఇచ్ఛాపురం మండలం ఈదుపురంలోనే దీపం-2 మొదలైంది. ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయినా చాలా ఇళ్లలో గ్యాస్ మీద టీ, పెరట్లో కట్టెల పొయ్యి మీద అన్నం, చేపల పులుసు. ఏడెనిమిది మంది తినే ఇంటికి నాలుగు నెలలకొక సిలిండరు చాలదు. పథకం మొదలైనప్పటి నియమం ప్రకారం సొమ్ము ముందు మనమే కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. ఆ రోజుల్లో చేతిలో రూపాయి ఆడదు. కొబ్బరి మట్టలకు, జీడి కొమ్మలకు డబ్బు అక్కర్లేదు. అమ్మ వేసే లెక్క ఇదే.

ఆ లెక్కలో పొగ ఖరీదు లేదు. ఇళ్లలోని పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ పొగ పీల్చేది అమ్మ. చితుకులు ఏరేందుకు పుస్తకం మూసేది చెల్లి.

ఎన్ని కనెక్షన్లు ఇచ్చారన్నది కాదు, అన్నం ఏ పొయ్యి మీద ఉడుకుతోందన్నదే అధికారులు లెక్కించాలని మా అభిప్రాయం. వేట నిషేధం రోజుల్లోనైనా ముందు సొమ్ము అడగకుండా సిలిండరు ఇంటికి చేర్చాలి. ఓవెన్ కొనే అన్నలు ముందు అమ్మకు గ్యాస్ నింపించాలి. సెలవులకు వెళ్లే మనం ఒక్క పూటయినా వంట చేసి, ఆమెను పొగకు దూరంగా కూర్చోబెట్టాలి.