రైతుబిడ్డకు అర్థశాస్త్ర మేల?

ఇంటర్మీడియటు పరీక్షాఫలితములు వెలువడు దినములలో మన సంఘసభ్యుల యిండ్లలో నొక్కటే ప్రసంగము. బిడ్డను ఇంజనీరింగులో చేర్పింపవలయునా, వైద్యవిద్యకు పంపవలయునా యని. ఈ రెండును అందనివారు మాత్రమే ఏదో యొక బి.ఏ. చదువవలయునని తలంచువారు పెక్కండ్రు. ఆ “ఏదో యొక” చదువులలో అర్థశాస్త్రమును గూడ జమకట్టుట మన వాడుక. ఈ తలంపు సరికాదనియు, సేద్యము జీవనాధారముగా గల కుటుంబములకు ఇంతకన్న అక్కరకు వచ్చు విద్యలు అరుదనియు మా యభిప్రాయము. అందులకు గల కారణములను పాఠకుల యెదుట నుంచుచున్నాము.

అర్థశాస్త్రమనగా ధనము కూడబెట్టు ఉపాయములు చెప్పు శాస్త్రమని కొందరును, బ్యాంకు కొలువునకు దారియని కొందరును భావింతురు. వాస్తవమున నది పరిమితములైన సాధనములను అనేకములైన అవసరములకు ఎట్లు పంచుకొనవలయును, వస్తువునకు ధర యెట్లేర్పడును, పుట్టిన సంపదలో ఎవరికెంత భాగము చేరును అను విషయములను విచారించు శాస్త్రము. ఉన్న రెండెకరములలో వరి నాటుటయా, మిరప వేయుటయా. పంటను కళ్లమునందే అమ్ముటయా, గిడ్డంగిలో నుంచుటయా. కౌలుకు మరియొక యెకరము తీసికొనుటయా, మానుటయా — రైతు ఏటేట తేల్చుకొనవలసిన ఈ ప్రశ్నలన్నియు అర్థశాస్త్ర ప్రశ్నలే. పేరెరుగకయే మనము దానిని నిత్యము అభ్యసించుచున్నాము. పద్ధతి నెరిగి అభ్యసించినచో కలుగు లాభమేమో చూతము.

పంట విరివిగా పండిన యేట రైతు చేతికి తక్కువ సొమ్ము వచ్చుట మదనపల్లె టమాటా రైతులకు ఒకరు చెప్పనక్కరలేని సంగతి. దీనికి కారణము వర్తకుల దుర్బుద్ధి యొక్కటే యని మనము సరిపెట్టుకొందుము. దుర్బుద్ధి ఉండవచ్చును, కాని అంతకన్న లోతైన కారణము వేరొకటి గలదు. ధర సగమైనంత మాత్రమున ఏ కుటుంబమును రెండింతలు కూర తినదు. ఉదాహరణకు 100 పెట్టెలు సంతకు వచ్చిన దినమున పెట్టె 300 రూపాయలకు అమ్ముడుపోయిన దనుకొందము. రైతులకందరకు గలసి చేరునది 30,000 రూపాయలు. 130 పెట్టెలు వచ్చి ధర 150 రూపాయలకు దిగినచో చేరునది 19,500 రూపాయలే. పంట హెచ్చినది, రాబడి తగ్గినది. 1699లో ఇంగ్లండున చార్లెసు డావెనంటు ప్రకటించిన గ్రంథమున ఈ సంగతియే తిరుగవేసి చెప్పబడినది. ధాన్యము పదవవంతు తగ్గినచో ధర పదింట మూడువంతులు పెరుగునని అందలి లెక్క. మూడు వందల సంవత్సరములకు పూర్వమే తెలిసిన ఈ సూత్రము మన సంత వాకిట నిలుచు రైతునకు నేటికిని అందకుండుట విచారకరము.

మరియొక సంగతి. మిరపకు మంచి ధర పలికిన మరుసటి సంవత్సరము గుంటూరు ప్రాంతమున ఆ సాగు విస్తరించును. అందరి సరుకును ఒక్కమారు యార్డునకు చేరి ధర పడిపోవును. అటుపై సాగు తగ్గి ధర మరల లేచును. ఈ చక్రమును 1930-40 సంవత్సరముల మధ్య ఆర్థికవేత్తలు గీతలలో వ్రాసి చూడగా సాలెగూటివలె కానవచ్చినందున, దానికి సాలెగూటి సిద్ధాంతమని పేరు కలిగినది. దీనిని గ్రహించినవాడు సంఘమునందొక డున్నచో విత్తనము కొనక పూర్వమే సభ్యులను హెచ్చరింపగలడు. లేనిచో సరుకు యార్డునకు చేరిన పిదప అందరమును గలసి విచారింతుము.

ఇక మద్దతు ధరల విషయము. 1965లో కేంద్రప్రభుత్వము వ్యవసాయ ధరల సంఘమును నెలకొల్పినది. 1985 నుండి అది వ్యవసాయ వ్యయములు, ధరల కమిషను అను పేరుతో నడచుచున్నది. ఈ కమిషను లెక్కలలో సేద్యపు వ్యయము పలువిధములు. విత్తనములు, ఎరువులు, కూలి మొదలగువానికి చేతినుండి వెచ్చించినది ఏ2. దానికి కుటుంబపువారి కష్టమునకు కట్టిన కూలిని కలిపినది మరియొకటి. సొంత భూమికి కౌలును, సొంత పెట్టుబడికి వడ్డీని గూడ కట్టినచో వచ్చునది సి2. మద్దతు ధర కుటుంబకష్టము కలిపిన ఏ2 వ్యయమునకు ఒకటిన్నర రెట్లకు తక్కువ కాకుండ నిర్ణయించుచున్నామని 2018 నుండి ప్రభుత్వము చెప్పుచున్నది. సి2 మీద ఒకటిన్నర రెట్లు కావలయునని రైతుసంఘములు కోరుచున్నవి. ఈ వివాదమంతయు “వ్యయమనగా నేమి?” యను నొక్క ప్రశ్నమీద నిలిచియున్నది. మన రైతు తన కష్టమునకు కూలి కట్టుకొనడు. తన నేలకు కౌలు లెక్కింపడు. అట్టివాని పక్షమున లెక్క చెప్పగలవారు మన యిండ్లనుండియే రావలదా?

అట్లు వచ్చినవారు లేకపోలేదు. గుంటూరు సీమలోని నిడుబ్రోలున 1900లో రైతు కుటుంబమున జన్మించిన ఆచార్య ఎన్.జి. రంగాగారు ఆక్స్‌ఫర్డున అర్థశాస్త్రమును చదివి, చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో దానిని బోధించి, మన డెల్టా గ్రామముల ఆర్థికస్థితిని గూర్చి గ్రంథము వ్రాసిరి. 1936లో అఖిలభారత కిసాను సభ ఏర్పడినప్పుడు ప్రథమ ప్రధానకార్యదర్శి వారే. మహారాష్ట్రమున కేంబ్రిడ్జి పట్టభద్రులైన డి.ఆర్. గాడ్గిల్ గారు, ప్రాథమిక విద్య మాత్రమే గల విఠలరావు విఖే పాటిల్ గారితో చేయి కలిపి ప్రవరా ప్రాంతమున రైతుల సహకార చక్కెర కర్మాగారమును నిలువబెట్టిరి. ఆ సంఘమునకు అధ్యక్షత వహించినది అర్థశాస్త్ర ఆచార్యుడైన గాడ్గిల్ గారే. ఒకరికి లెక్క తెలియును; ఒకరికి రైతు మనసు తెలియును. రెండును గలిసినందున ఆ కార్యము ఫలించినది.

లెక్క యొక్క బలమును సహకారులమైన మనము మరువరాదు. 1951-52లో జరిగిన అఖిలభారత గ్రామీణ పరపతి పరిశీలనలో రైతులు తెచ్చుకొను అప్పులో నూటికి సుమారు 3 రూపాయలు మాత్రమే సహకార సంఘములనుండి లభించుచున్నవని తేలినది. 70 రూపాయల వరకు వడ్డీవ్యాపారులదే. 1954లో వెలువడిన ఆ నివేదిక సిఫారసు ననుసరించియే మరుసటి సంవత్సరము ఇంపీరియలు బ్యాంకు స్టేటు బ్యాంకుగా మారి పల్లెలవైపు సాగినది. చేదైన లెక్కను దాచక చెప్పినందువలననే ఆ మేలు కలిగినది.

“ఇంత చదివినవాడు తిరిగి పల్లెకు వచ్చునా?” యని పెద్దలు అడుగుదురు. ఈ ప్రశ్న న్యాయమైనదే. మార్గదర్శినులు వల్లెవేసి, ఏ యొక్క సంతలోను ధర యెట్లు పలుకునో చూడకయే పట్టము పొందువారు పలువురు గలరు. అట్టి చదువు బిడ్డను పల్లెకు దూరము చేయును. పట్టణమునకును దగ్గర చేయదు. దీనికి విరుగుడు నూరేండ్ల క్రితమే ఒకరు చూపిరి. 1915లో మదరాసు విశ్వవిద్యాలయమున ప్రథమ అర్థశాస్త్రాచార్యులుగా వచ్చిన గిల్బర్టు స్లేటరు గారు తమ విద్యార్థులను సెలవులలో సొంత గ్రామములకు పంపి, భూమి ఎవరిది, అప్పెంత, కూలియెంత, పంటయెంత యని ప్రశ్నపట్టికతో విచారించి వ్రాయించిరి. ఆ వ్రాతలు 1918లో గ్రంథరూపమున వెలువడెను. అందలి గ్రామములను మరల పరిశీలించి మరియొక తరమువారు 1940లో వేరొక గ్రంథమును ప్రకటించిరి. తన యూరినే పాఠ్యగ్రంథముగా చదివిన విద్యార్థి ఎచ్చట నున్నను ఆ యూరిని మరువడని మా విశ్వాసము.

అయితే ఇది సులభమైన చదువని యెవరును భ్రమపడరాదు. నేటి విశ్వవిద్యాలయములలో ఈ శాస్త్రము గణితముతోను, గణాంకశాస్త్రముతోను పెనవేసికొని యున్నది. లెక్కలన్న భయపడి వచ్చువారికి పైతరగతులలో కష్టము తప్పదు. కావున ఇంటర్మీడియటులోనే గణితముతో గూడిన అర్థశాస్త్రమును ఎన్నుకొనుట మేలు. పిల్లవాడే చదువవలయునను నియమమును లేదు. ఇంటి జమాఖర్చులు చక్కగా చూచు ఆడుబిడ్డలు ఇందు మిక్కిలి రాణింపగలరు. ఉద్యోగమార్గమును మూసికొనిపోలేదు. అర్థశాస్త్రమున ఎం.ఏ. పట్టము పొందినవారికి భారత ఆర్థిక సర్వీసు పరీక్ష గలదు. బ్యాంకులు, పరిశోధనాలయములు, కళాశాలలు గలవు.

సంఘముల కర్తవ్యమును గూర్చి రెండు మాటలు. సభ్యుల కుటుంబములలో అర్థశాస్త్రము చదువువారికి వేసవి సెలవులలో సంఘపు చిట్టాలను, పేర్లు మరుగుపరచి, పరిశీలించు అవకాశ మీయవలయును. అప్పు ఏ పనికి పోవుచున్నది, బాకీ ఎందుకు నిలిచిపోవుచున్నది, కౌలురైతునకు మన పరపతి చేరుచున్నదా లేదా అను విషయములను వారిచే వ్రాయించి, ఆ వ్రాతను సభ్యుల యెదుట చదివింపవలయును. లాభములలో కొంత వారి గ్రంథములకు కేటాయించినచో అది దండుగ కాదు. వారు వ్రాసినది మనకు రుచింపక పోవచ్చును; కార్యనిర్వాహకులకు ఇబ్బందియు కలుగవచ్చును. ఐనను మన లోపము మన బిడ్డ నోట వినుట, పైనుండి వచ్చు తనిఖీదారు నోట వినుటకన్న మేలు.

రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, ఈ వేసవికే ఒకరిద్దరు విద్యార్థులకైనను అవకాశము కల్పింపవలయునని సభ్యులను కోరుచున్నాము.