నడుమునొప్పి విధి కాదు, విధుల ఫలితము

ఖరగ్‌పూర్ స్టేషనుకు క్రొత్తగా వచ్చినవారు మొదట ఆశ్చర్యపడునది ప్లాట్‌ఫారము పొడవును చూచి. 1072.5 మీటర్ల ఆ ప్లాట్‌ఫారము చాలకాలము ప్రపంచములోనే మిక్కిలి పొడవైనదిగా పేరొందినది. ప్రయాణికునికి అది ఒక అంకె మాత్రమే. తపాలా సంచుల బండిని ఈ కొస నుండి ఆ కొసకు త్రోసిన కార్మికునికి మాత్రము ఆ పొడవు మోకాళ్ళలో తెలియును.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి వచ్చి ఈ ఊరి వర్కుషాపులోను, లైనులపైనను చెమటోడ్చిన తెలుగువారి మనుమలు, మునిమనుమలు నేడును మథురాకాటిలో, నింపురాలో నివసించుచున్నారు. సాయంకాలము నలుగురు పెద్దలు కూర్చున్నచోట మాట చివరకు దేహబాధల మీదికే మరలును. ఒకరికి నడుము, ఒకరికి భుజము, ఒకరికి మోకాలు. అందరి నోటను ఒకే సమాధానము: "వయసు మీద పడినది, ఏమి చేయగలము?"

ఈ సమాధానమును మనము అంగీకరింపరాదని మా అభిప్రాయము. వయస్సు తెచ్చు మార్పులు లేకపోలేదు. కాని నలువదవ ఏటనే ట్రాక్‌మాన్ నడుము పట్టుకొని కూర్చున్నచో దానిని వయస్సుకు అంటగట్టుట న్యాయము కాదు. అది ఇరువది ఏండ్ల పని దేహమున వ్రాసిన లెక్క.

ఆ లెక్క ఎట్లు పెరుగునో చూడుడు. వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలు కలవు. పెద్దవారిలో వాటికి నేరుగా రక్తప్రసారము దాదాపు లేదు. కదలిక వలననే వాటికి పోషణ అందును. వంగి, నడుము త్రిప్పి, అదే క్షణమున బరువునెత్తుట వాటికి మిక్కిలి హాని. ట్రాక్‌పై గునపము పట్టినవాడు, వ్యాగను క్రింద వంగిన ఫిట్టరు, సంచులను విసరు ఆర్.ఎం.ఎస్. ఉద్యోగి రోజంతయు చేయునది అదియే. దీనికి భిన్నముగా లోకో పైలటు గంటల తరబడి కూర్చుండియే అదురును భరించును. కౌంటరు గుమాస్తా మెడ వంచి కంప్యూటరు తెర ముందు కదలక కూర్చుండును. పోస్టుమాన్ సంచి ఏండ్ల తరబడి ఒకే భుజమున వ్రేలాడును. కదలిక మితిమీరినను, బొత్తిగా లేకున్నను నష్టపోవునది దేహమే.

జీవితము యొక్క ఒక్కొక్క దశలో ఒక్కొక్క జాగ్రత్త అవసరము. ముప్పది ఏండ్ల ప్రాయము వరకు ఎముకల పటుత్వము కూడుకొనును. తరువాత ఆ నిలువ నుండియే ఖర్చు. కావున అప్రెంటిస్ కుర్రవానికి పనిముట్ల పేర్లతోపాటు, మోకాళ్ళు వంచి, బరువును ఒంటికి దగ్గరగా పట్టి ఎత్తుటను నేర్పవలెను. నలువది, అరువది ఏండ్ల మధ్య భుజము బిగుసుకొనిపోవు వ్యాధి తరచు కనిపించును. మధుమేహము కలవారికి ఆ ప్రమాదము హెచ్చు. గర్భిణులకు, బాలింతలకు నడుము, కటి భాగములలో నొప్పి సామాన్యము. ఋతుక్రమము ఆగిన తరువాత స్త్రీల ఎముకలు త్వరగా పలుచబడును. నేడు వర్కుషాపులోను, తపాలా కౌంటరులోను సోదరీమణులు పనిచేయుచున్నారు. వారి దేహస్థితిని లెక్కలోనికి తీసుకొనని విధుల పట్టిక అసంపూర్ణము. ఇక విశ్రాంత జీవితమున కండలు తరుగును, నిలకడ తగ్గును. ఒక్క పతనము తుంటి ఎముకను విరుచును. అందుచేతనే 65 ఏండ్లు దాటినవారు వారమునకు కనీసము మూడు దినములు నిలకడకు, కండబలమునకు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది.

ఇచ్చట మన తప్పును కూడ ఒప్పుకొనవలెను. ఫిజియోథెరపీ అనగా కరెంటు యంత్రము క్రింద పది నిముషములు పడుకొనుట అని మనలో అనేకుల భావన. నడుమునకు బెల్టు కట్టి డ్యూటీకి పోవుటయే చికిత్స అని మరికొందరి నమ్మకము. దీర్ఘకాలిక నడుమునొప్పిపై 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన మార్గదర్శకములు చెప్పునది వేరు. క్రమబద్ధమైన వ్యాయామమును, రోగికి తన బాధను గూర్చిన అవగాహన కలిగించుటను అవి సూచించినవి. బెల్టులను, ట్రాక్షనును నిత్య చికిత్సగా వాడవద్దన్నవి. దినముల తరబడి మంచము పట్టుట కంటె ఓపిన మేరకు తిరుగుటయే మేలు. అయితే కాలు చచ్చుబడినను, తొడల మధ్య స్పర్శ పోయినను, మూత్రముపై అదుపు తప్పినను ఒక్క గంట కూడ జాగు చేయక ఆసుపత్రికి పోవలెను.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 2020లో ప్రపంచమున సుమారు 61 కోట్ల 90 లక్షల మంది నడుమునొప్పితో బాధపడిరని అంచనా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010లో సవరించిన వృత్తివ్యాధుల జాబితాలో మణికట్టు, మోచేయి, మోకాలి వ్యాధులకు స్థానము లభించినది. బరువుల విషయమున అదే సంస్థ 1967లో వయోజన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. 1991లో అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ రూపొందించిన లెక్కలో, అన్ని పరిస్థితులు అనుకూలముగా ఉన్నప్పుడు సైతము, ఎత్తదగిన బరువునకు హద్దు 23 కిలోలు మాత్రమే. గాయపరచునంతటి బరువును ఎవరిచేతను ఎత్తింపరాదని మన దేశపు 1948 కర్మాగారాల చట్టము 34వ సెక్షను నాడే శాసించినది. నియమములు కాగితముపై నుండగా బరువులు భుజములపై నున్నవి.

మరి కార్మికుడు నొప్పిని ఎందుకు దాచును? మెడికల్ కేటగిరీ తగ్గునని, రన్నింగు భత్యము పోవునని, "పనికిరానివాడు" అను మాట పడవలసివచ్చునని. ఈ భయమునకు చట్టము కొంత సమాధానము చెప్పినది. 2016 వికలాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను ప్రకారము, ఉద్యోగకాలములో వైకల్యము పొందిన ప్రభుత్వోద్యోగిని తొలగింపరాదు, హోదా తగ్గింపరాదు. చేయుచున్న పనికి తగనిచో అదే జీతపు స్కేలు గల మరొక పనికి మార్చవలెను. ఈ హక్కును ప్రతి గ్యాంగుకు, ప్రతి తపాలా కార్యాలయమునకు తెలుపుట యూనియన్ శాఖల బాధ్యత. అయినను వైకల్యము కలిగిన పిదప దక్కు రక్షణ కంటె, వైకల్యము కలుగకుండ కాచుటయే మిన్న.

పింఛనుదారుల సంగతి మరింత శోచనీయము. సి.జి.హెచ్.ఎస్. లేని ప్రాంతములలో నివసించు కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులకు 2017 జూలై 1 నుండి స్థిర వైద్య భత్యము నెలకు 1000 రూపాయలుగా నిర్ణయింపబడినది. మందులకే చాలని ఆ మొత్తములో వారములు సాగవలసిన ఫిజియోథెరపీకి చోటెక్కడ?

భాష కూడ చికిత్సలో భాగమే. వ్యాయామము ఇంటివద్ద రోగి స్వయముగా చేయవలసినది. సూచన అర్థము కాకున్న చికిత్సయే లేదు. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గము 2020 డిసెంబరులో తెలుగునకు అధికార భాష హోదా కల్పించుటకు నిర్ణయించినది. ఆ గౌరవము ఆసుపత్రి గోడపై బొమ్మలతో కూడిన ఒక తెలుగు కాగితముగా కనబడినచో మన అవ్వలకు, తాతలకు నిజముగా ఉపకరించును.

కావున మేము కోరునది ఇది: ఉద్యోగములో చేరిననాడే ప్రతివానికి బరువులెత్తు శిక్షణ ఇవ్వవలెను. నియతకాలిక వైద్య పరీక్షలో కంటితోపాటు వెన్నును, కీళ్ళను కూడ చూడవలెను. ప్రతి రైల్వే డివిజన్ ఆసుపత్రిలో ఉద్యోగుల సంఖ్యకు తగినట్లు శాశ్వత ఫిజియోథెరపిస్టులను నియమించవలెను. 2021లో ఈ వృత్తికి పార్లమెంటు చట్టబద్ధమైన గుర్తింపునిచ్చినది గనుక అర్హులను ఎన్నుకొనుట కష్టము కాదు. తపాలా సిబ్బందికి, పింఛనుదారులకు అదే ద్వారము తెరువవలెను. ఖాళీలు నింపకుండ ఇద్దరి పనిని ఒకరిచేత చేయించు పద్ధతి ఆగవలెను. ఏలయన రెండవవాని బరువు ఏ వ్యాయామముతోను దిగునది కాదు.

1927లో ఈ ఊరి రైల్వే కార్మికులు సమ్మె కట్టిననాడు వారి పక్షమున నిలిచిన నాయకులలో మన తెలుగువాడు వి.వి. గిరి ఒకరు. అనంతరము ఆయన రాష్ట్రపతి పదవిని సైతము అలంకరించిరి. ఆనాటివారు వెన్ను వంచక నిలిచినందుననే మనకు హక్కులు దక్కినవి. ఆ వెన్ను అరువది ఏండ్లకును నిటారుగా నిలుచునట్లు చూచుట నేటి మన కర్తవ్యము. జీతము బేరమాడుటకు సిగ్గుపడని మనము, నొప్పిని గూర్చి నోరు విప్పుటకు సిగ్గుపడవలదు. వచ్చు శాఖా సమావేశపు అజెండాలో దీనిని చేర్పుడు.